ఎవరి భుజానికి తేలిక

పెద్దకోడలు తిట్టడం మానేసి నాలుగు నెలలైంది.

ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. పైగా పీడ విరగడైందని లోలోపల సంబరపడ్డారు. ఆవిడ మొగుడైతే తమ్ముడి దగ్గర మీసం దువ్వుకుంటూ, "మా ఆవిడకి వయసుతోపాటు బుద్ధి కూడా వస్తోందిరా" అన్నాడు. గుండెలో రాయి పడింది ఒక్క చిన్నకోడలికే.

అన్నదమ్ములకి భార్యలైన ఆ ఇద్దరూ పద్నాలుగేళ్ళుగా కలిసి అద్దాలు కడుగుతున్నారు. మేడల కిటికీలు, దుకాణాల తలుపులు, ఆఫీసుల గోడలు. పెద్దామె పొట్టి. పిట్ట కొంచెం కూత ఘనం. బ్రష్ అద్దానికి తగిలితే చాలు, ఆవిడ నోరు మొదలయ్యేది. రెట్ట వేసిన పావురాన్ని తిట్టేది. సున్నం చిందించిన మేస్త్రీని తిట్టేది. ఆ మూలన కిటికీ పెట్టమన్న ఇంజనీరుని, వాడికి చదువు చెప్పిన పంతుల్ని, దుమ్ముని, ఎండని, గాలిని వరసపెట్టి తిట్టేది. కోపంతో కాదు. కొందరు పాడుకుంటూ పనిచేస్తారు, ఆవిడ తిట్టుకుంటూ చేస్తుంది, అంతే. తిట్టు పైకి పోతే బ్రష్ పైకి, తిట్టు దిగితే బ్రష్ కిందికి. తూర్పు గోడ దగ్గర పెద్దామె, పడమటి గోడ దగ్గర చిన్నామె. మధ్యలో మూడంతస్తుల భవనం ఉన్నా ఆ గొంతు వినపడుతుండేది. చిన్నామెకి అదే తోడు.

ఇప్పుడు ఆ గొంతు లేదు. ఎందుకు లేదో చూద్దామని ఒకరోజు చిన్నామె చప్పుడు కాకుండా గోడ మలుపు దాకా వచ్చింది. పెద్దామె పంటి బిగువున పనిచేస్తోంది. కుడిచెయ్యి చెవి దాటి పైకి వెళ్ళినప్పుడల్లా ఊపిరి బిగబడుతోంది. ఊపిరి బిగబట్టిన మనిషి ఏం తిడుతుంది?

అద్దాలు కడగడమంటే జనం ఇప్పటికీ నిచ్చెన, బకెట్టు, పాతగుడ్డ అనుకుంటారు. వీళ్ళది నీళ్ళ పోల్. తోపుడు బండి మీద ట్యాంకు, ట్యాంకులో ఉప్పంతా తీసేసిన నీళ్ళు. మోటారు నొక్కితే ఆ నీళ్ళు సన్నటి పైపులోంచి, బోలుగా ఉండే పొడవాటి పోల్ లోపలినుంచి ఎక్కి పైనున్న బ్రష్ దగ్గర చిమ్ముతాయి. తోమాలి, కడగాలి, వదిలేయాలి. తుడవక్కర్లేదు, ఉప్పులేని నీళ్ళు మచ్చ లేకుండా ఆరిపోతాయి. మనిషి నేల మీదే ఉంటుంది, పడి చచ్చే భయం లేదు. ఇదంతా నిజమే. కానీ నిచ్చెన మీద మనిషి బరువు నిచ్చెన మోస్తుంది. ఇక్కడ పోల్ బరువు మనిషి మోయాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, చేతులెత్తి. వీళ్ళ దగ్గరున్న రెండు పోల్స్ పాతవి, అల్యూమినియంవి. వాటిలో పెద్దదానికి పెద్దామె పెట్టిన పేరు దున్నపోతు.

డాక్టరు చెప్పింది సూటిగానే చెప్పాడు. "చెయ్యి ఆడించడం ఆపొద్దు. బరువెత్తి పట్టుకోవడం ఆపాలి." ఆ మాట పెద్దామె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా, జ్వరమంటే తోడు వెళ్ళి డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్న చిన్నామె చెవిన పడింది. విన్నట్టు ఆమె కూడా చెప్పలేదు.

ఆ వారంలోనే, బ్రష్‌లు కడుగుతూ, మొహం అటు తిప్పుకుని పెద్దామె అంది:

"ఒసేయ్ నిచ్చెనా, వచ్చే నెలనుంచి నేను రాను. ఎవరైనా గట్టి పిల్లని చూసుకో."

నిచ్చెన అంటే చిన్నామె. మొగుడు ఆమె చెవి దాకానే వస్తాడు, అంత పొడుగు.

"ఏమైందక్కా?"

"ఏమవుతుంది? విసుగొచ్చింది."

కాకిని అరగంట తిట్టగల మనిషికి విసుగంట!

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఒక సామెత ఉంది. ఆ సామెత పుట్టించినవాడు ఈ ఇద్దర్నీ చూసుండడు. చిన్నకోడలు ఆ ఇంటికి వచ్చిన కొత్తలో మూడు నెలలు నోరు విప్పలేదు. "మూగదాన్ని తెచ్చారా?" అని చుట్టాలు గుసగుసలాడారు. పెద్దామె ఒకరోజు ఆమె చేతిలో బ్రష్ పెట్టి, "నువ్వు మాట్లాడకపోయినా పర్లేదు, నేను ఇద్దరికీ సరిపడా మాట్లాడతా, పద" అని లాక్కుపోయింది. మొదటి గోడ సగం అయ్యేసరికి కొత్తకోడలు కడుపు పట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు మొదట విన్నది ఒక పావురం, ఒక తోడికోడలు.

ఆ తోడికోడలు ఇప్పుడు రానంటోంది. గట్టి పిల్లలు ఊళ్ళో చాలామందే దొరుకుతారు. కానీ గోడకి అవతల ఎవరో ఉండి చిన్నామెకి ఏం ఒరుగుతుంది?

"సరే, వెళ్దువుగాని" అంది చిన్నామె. "కానీ ముందు నాకో తేలికపాటి పోల్ కొనాలి. దున్నపోతుతో నా నడుం విరుగుతోంది. ఎంచడానికి నువ్వు రావాలి."

"నీ నడుమా?"

"నా నడుమే."

అబద్ధానికి అబద్ధం చెల్లు.

*

దుకాణంవాడు ఆరడుగుల మనిషి. ఇస్త్రీ చొక్కా, పొడుగు చేతులు. అద్దాలు కడిగే సామాను పదేళ్ళుగా అమ్ముతున్నాడు. తన దుకాణం అద్దాలు కడిగిన ఆనవాలు మాత్రం లేదు.

ముడిచి ఉన్న పోల్ ఒకటి తీసి వేలి మీద నిలబెట్టి చూపించాడు.

"చూశారా అమ్మా? ఈక. ఇంతకంటే తేలికైనది మార్కెట్లో లేదు."

"మీ వేలి మీద ఈకే" అంది చిన్నామె. "దీన్ని మొత్తం సాగదీసి, బ్రష్ తడిపి, పైపులో నీళ్ళు నింపి చూపించండి."

"తూకం కాగితం మీదే రాసుంది కదమ్మా!"

"కాగితం కిటికీలు కడగదు కదండీ."

తేలిక! ఆ మాట ఎవరి భుజం మీద కొలిచి రాశారో ఎవడూ చెప్పడు. కొలిచినవాడు తన భుజం మీదే కొలుచుకున్నాడు. ఆరడుగులవాడికి అది తేలికే. నాలుగడుగుల పది అంగుళాల ఆడమనిషి, యాభై దాటినది, రోజుకి నూట ఇరవై కిటికీలకి చెయ్యెత్తేది, ఆ లెక్కలోకే రాలేదు. ఆవిడ చెయ్యి నొప్పెడితే ఆవిడకి వయసైపోయిందంటారు. తప్పు పోల్ చేసినవాడిదని ఎవడూ అనడు.

చిన్నామె సంచిలోంచి తడి బ్రష్ తీసింది, చుట్టిపెట్టిన పైపు తీసింది. దుకాణంవాడు నోరెళ్ళబెట్టాడు.

"ఇలా తడిపి చూసి ఎవరూ కొనరమ్మా."

"అందుకే అందరి భుజాలూ మూలన పడుతున్నాయి. మీ పెరట్లో కుళాయి ఉందా?"

ఉంది. కుళాయికి ఎదురుగా దుకాణం వెనక గోడ, దానికి రెండంతస్తుల మీద దుమ్ము పట్టిన కిటికీలు కూడా ఉన్నాయి. పైపు తగిలించారు. ఇక్కడే చిన్నామెకి అసలు చిక్కొచ్చింది. తను పట్టుకుంటే అన్నీ తేలికే. ఆ భుజాలకి దున్నపోతే దూడలా ఉంటుంది, మిగతావి చెప్పేదేముంది? చూడాల్సింది అక్క. అక్కేమో నిజం చెప్పదు.

కాగితం మీద అన్నిటికంటే తేలికైన పోల్ ముందు ఇచ్చింది. సాగదీయగానే అది కొరడాలా ఊగింది. కింద చెయ్యి కదిపితే పైన బ్రష్ తీరిగ్గా, మనసు మార్చుకున్నట్టు, మరోవైపు పోయింది. ఊగేదాన్ని ఆపడానికే భుజం బలమంతా పోతుంది. పెద్దామె పెదవి కరిచి రెండు అద్దాలు తోమింది.

"ఎలా ఉందక్కా?"

"బాగుంది."

రెండోది ఫైబర్ గ్లాసుది. ఊగలేదు, నిటారుగా నిలబడింది. కానీ నీళ్ళు ఎక్కేసరికి దున్నపోతుకి చిన్నాన్న కొడుకులా తయారైంది. పెద్దామె ఒక అద్దం తోమి కిందికి దించింది.

"ఇది?"

"ఇదీ బాగుంది. ఏదో ఒకటి తీసుకోవే, నాకేం తెలుసు? మోసేది నువ్వేగా."

దుకాణంవాడు కల్పించుకున్నాడు. "పెద్దావిడకి రెండూ నచ్చాయిగా, ఇంకేం?"

"మీరుండండి" అంది చిన్నామె.

ఆమె చూపు అక్క చేతుల మీద లేదు. చెవి అక్క నోటి మీద ఉంది. నోరు పలికే మాట నమ్మడానికి లేదని తెలిశాక, నోరు పలకని మాట కోసం కాచుకుని నిలబడింది.

మూడోది కార్బన్. తొమ్మిది మీటర్లు, ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఐదు గొట్టాలు. నల్లగా, గట్టిగా, చెప్పినచోట ఆగేది. దీన్ని కరెంటు తీగల దరిదాపుల్లోకి తీసుకుపోవద్దని దుకాణంవాడు రెండుసార్లు చెప్పాడు. ఆ రోజంతటిలో అతను చెప్పిన పనికొచ్చే ముక్క అదొక్కటే. పెద్దామె ఎత్తింది. తోమింది. ఒక అద్దం, రెండు అద్దాలు.

"హు" అంది.

చిన్నామె చెవులు నిక్కబొడుచుకున్నాయి. నాలుగు నెలల తర్వాత పని మధ్యలో అక్క గొంతు పెగలడం అదే మొదలు. ఒక్క అక్షరమే. కానీ పెగిలింది.

"అక్కా, ఒక్క నిమిషం దించు." చిన్నామె పోల్ తీసుకుని, అన్నిటికంటే కింద ఉండే గొట్టం, చేతిమణికట్టంత లావుది, బిగింపు విప్పి లాగేసింది.

"అయ్యయ్యో, అది తీస్తే పొడుగు తగ్గిపోదూ!" అన్నాడు దుకాణంవాడు.

"మాకు మూడంతస్తులు అందితే చాలు. అవసరం లేని ముక్క మోయడమెందుకు? బరువంతా దాంట్లోనే ఉంది."

మూడంతస్తులకి ఎంత కావాలో ఆమె ముందే కొలిచింది. దున్నపోతుని, తాము నెలనెలా కడిగే నర్సుల హాస్టల్ పైకిటికీ దాకా ఎత్తి, చెయ్యి పట్టినచోట సుద్దతో గీత పెట్టి, తాడుతో ఆ పొడుగు తెచ్చుకుంది. తాడు వేసి చూస్తే నాలుగు గొట్టాలు సరిగ్గా సరిపోయాయి.

పెద్దామె మళ్ళీ ఎత్తింది. బ్రష్ ఒకసారి పైకి పోయింది, ఒకసారి కిందికి వచ్చింది. మురికి నీళ్ళు గోడ వెంట నల్లగా కారాయి. ఆవిడ వాటిని చూసింది.

"ఇవి అద్దాలా? ఇవి అద్దాలేనా అని అడుగుతున్నా! ఏమయ్యా, అద్దాలు కడిగే సామాను అమ్ముకు బతుకుతూ నీ కిటికీల మీద కూరగాయలు పండిస్తున్నావా? ఆ మూలన అది సాలీడు గూడా, నీ చుట్టాల కాపురమా? వంటవాడు తినకుండా చస్తే ఎలాగుంటుందో అలాగుంది నీ యవ్వారం! ఆ చొక్కా ఇస్త్రీకి పెట్టే టైములో ఒక్క అద్దం తుడిచినా నీకు పుణ్యం వచ్చేది..."

బ్రష్ ఆగలేదు, నోరూ ఆగలేదు. నాలుగు కిటికీలు మెరిసిపోయాయి. దుకాణంవాడు చొక్కా చూసుకుంటూ నిలబడ్డాడు.

చిన్నామె కళ్ళు తుడుచుకుని, "ఇదే ఇచ్చేయండి" అంది.

"ఆవిడకి నచ్చలేదేమోనమ్మా, అంత కోపంగా..."

"నచ్చింది" అంది చిన్నామె. "చాలా నచ్చింది."

*

నర్సుల హాస్టల్‌కి వెళ్ళిన పొద్దున పెద్దామె తనంతట తనే కొత్త పోల్ తీసుకుంది. "నీ నడుముకి కొన్నది ఎలా పనిచేస్తుందో చూద్దాం" అంది. కింది వరస తిట్లతో సహా అయిపోయింది. రెండో వరసలో ఎవరో కిటికీ గట్టు మీద ఎండబెట్టుకున్న మేజోళ్ళకి అక్షింతలు పడ్డాయి. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న నర్సు ఒకామె కళ్ళు నులుముకుంటూ అద్దం వెనకనుంచి చూసి, తిట్లు తనకేనని తెలిసి, మేజోళ్ళు తీసుకుని నవ్వుతూ తెర లాగేసింది. పక్క గోడ దగ్గర దున్నపోతుతో అద్దాలు తోముతున్న చిన్నామెకి ప్రతి మాటా వినపడుతోంది. పద్నాలుగేళ్ళ నాటి నవ్వు మళ్ళీ కడుపులోంచి తన్నుకొస్తోంది.

ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది.

చిన్నామె దున్నపోతుని గోడకి చేరేసి పరిగెత్తింది. పెద్దామె మూడో వరస కింద నిలబడి ఉంది. పోల్ మొత్తం సాగి ఉంది. చేతులు ఎంత పైకి వెళ్ళగలవో అంత పైకీ ఉన్నాయి. మునివేళ్ళ మీద లేచింది కూడా. బ్రష్ కిటికీ సగం దాటి పోయి, అక్కడ ఆగి, కిందికి నీళ్ళు కారుస్తోంది. అద్దం పై భాగానికి జానెడు తక్కువ.

"దించక్కా, దించు. భుజం!"

పెద్దామె దించింది. ఊపిరి తీసుకుంది. చిన్నామె వైపు తలెత్తి చూసింది.

"ఎక్కడ కొలిచావే?"

"ఇక్కడే. ఈ గోడకే. గీత పెట్టి మరీ కొలిచా."

"ఎవరి చెయ్యెత్తి?"

చిన్నామె తన పొడుగు చేతులు చూసుకుంది. చూస్తే అంతే. భుజానికి సరిపోయేది అక్క భుజం మీద ఎంచింది. పొడుగు మాత్రం తన చేతులెత్తి కొలిచింది. ఎవడో తన ఒంటికి కొలుచుకుని లోకం చేత మోయిస్తాడని దుకాణంలో అంత గింజుకున్న మనిషి, అదే పని స్వయంగా చేసింది. తాడు కూడా తెచ్చుకుని మరీ చేసింది.

"ఇంట్లో ఉన్న ఆ గొట్టం రేపు తెచ్చి బిగిస్తా" అంది గాభరాగా. "రేపు కాదు, ఇప్పుడే పోయి తెస్తా."

"బిగిస్తే బరువు."

"మరైతే... అదిగో ఆ బెంచీ..." అని, తనే ఆగిపోయింది. తడి నేల మీద బెంచీ ఎక్కించడానికా ఇంత పోల్ కొన్నది?

"అందదు కాబట్టి రానని అనకక్కా" అంది. "నా నడుముకేం కాలేదు. నువ్వు వెళ్ళిపోతావని కొన్నాను. డాక్టరు చెప్పింది నేను విన్నాను. నీ చెయ్యి లేవట్లేదని నాకు తెలుసు. నువ్వు తిట్టకపోతే నాకు ఈ గోడలు గోడల్లా లేవు."

పెద్దామె పోల్ కిందపెట్టి బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంది.

"నీ నడుముకేం కాలేదని నాకు తెలీదటే? మొన్న పందిరిమంచం ఒక్కదానివే ఈ గదిలోంచి ఆ గదిలోకి ఈడ్చావు. చూశాగా."

"మరి తెలిసీ ఎందుకొచ్చావు దుకాణానికి?"

"నువ్వు కష్టపడి అబద్ధం చెప్పావు కదా, పాడుచేయడమెందుకులే అని." పెద్దామె కుడిభుజం మీద ఎడమచెయ్యి వేసుకుంది. "నొప్పేనే. నాలుగు నెలలనుంచి. రాత్రి అటు తిరిగి పడుకోలేను. మీ బావకి చెప్తే ఇంట్లో కూర్చోమంటాడు. నీకు చెప్తే నా గోడ కూడా నువ్వే కడుగుతావు. ఏ సంగతీ చెప్పకుండా పోతే గౌరవంగా ఉంటుందనుకున్నా."

"గౌరవం! నోరు మూసుకుని చావడం గౌరవమా?"

"చూడు, నన్నే తిడుతోంది!" అంది పెద్దామె. మొహం విప్పారింది. ఆపైన నవ్వొచ్చింది. తాడు, గీత, జానెడు తక్కువ, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చినట్టు బకెట్టు మీదనుంచి జారిపోయేంతగా నవ్వింది. "నాకోసం కొని నీకు కొలుచుకున్నావే! కాలు నాదీ, చెప్పు కొలత నీదీనా?"

చిన్నామెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"లే. ఆ పై వరస నువ్వు పట్టు" అంది పెద్దామె.

"అయితే నువ్వు?"

"నేను చూస్తా."

ఊరికే అన్నమాట కాదది. పోల్ పట్టుకుని గోడ మొదట్లో నిలబడ్డ మనిషికి మూడో అంతస్తు అద్దం ఏటవాలుగా, సగమే కనపడుతుంది. ఏం శుభ్రమైందో ఏం మిగిలిందో చేతి గుర్తు మీదే పోవాలి. ఇన్నేళ్ళూ ఇద్దరూ చెరో గోడ పట్టుకోవడంతో, చూసేవాళ్ళు లేక, పై వరసల్లో మూలలు మిగిలిపోయేవి. ఎవరూ అడగలేదు కాబట్టి చెల్లిపోయింది.

పెద్దామె ఆవరణ దాటి అవతలి ప్రహరీ దాకా నడిచింది. వెనక్కి తిరిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొంతెత్తింది.

"ఎడమ మూల! పైకి! ఇంకా పైకి! ఎడమంటే ఎడమేనే, అన్నం తినే చెయ్యి కాదు, రెండోది! ఆఁ, అక్కడ. అక్కడ ఒక రెట్ట ఉంది, మొన్నటిది కాదు, మన అత్తగారి కాలం నాటిది. రుద్దు! పద్నాలుగేళ్ళుగా ఇదేనా నువ్వు కడుగుతున్నది? నీ పని చూస్తే పావురాలే సిగ్గుపడతాయి! కుడికి రా!"

చిన్నామె కుడికి వచ్చింది. పైకి అంటే పైకి, కిందికి అంటే కిందికి. కొత్త పోల్ ఆమె చేతిలో గడ్డిపోచలా ఉంది. ఒక్కో అద్దం ఆరేకొద్దీ ఆకాశం ముక్క అందులోకి వచ్చి కూర్చుంటోంది. పై వరసంతా అయ్యాక, మిగిలిన పక్క గోడ కింది రెండు వరసలూ పెద్దామె లాక్కుంది. పై వరస చిన్నామెది, కింది రెండూ తనవి, దున్నపోతు ఎవరిదీ కాదు. ఎవరూ పంచలేదు, పంపకం అయిపోయింది.

సాయంత్రం వార్డెన్ బయటికి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుంటూ మూడు వరసలూ చూసింది. పై వరస దగ్గర చూపు ఆగింది.

"ఈసారి పైవి కూడా బాగా వచ్చాయే" అంది. "మీరేదో మానేస్తున్నారని విన్నానమ్మా. వచ్చే నెల ఎవరొస్తున్నారు?"

పైపు చుడుతున్న చిన్నామె చేతులు ఆగిపోయాయి.

"మానేసేదాన్నే" అంది పెద్దామె. "కానీ ఈ పిల్లకి కొలవడం రాదండీ. జానెడు తేడా వచ్చింది. ఒక్కదాన్ని వదిలితే మీ హాస్టల్ సగం కడిగి పోతుంది. అదలా ఉంచండి, వెనక గోడకి తొమ్మిది కిటికీలున్నాయి, అవి కిటికీలు కావా? వాటి మొహం ఎవరూ చూడరనా? వచ్చే నెలకి అవి కూడా రాసుకోండి."

వార్డెన్ రాసుకుంది. రాసుకోకపోతే తనకీ పడతాయని ఆవిడకి అర్థమైనట్టుంది.

చిన్నామె కదలకుండా అలాగే చూస్తోంది. చేతిలోని పైపు కొసనుంచి ఉప్పులేని నీళ్ళు ఆమె కాలి మీదే పడుతున్నాయి.

"ఏంటే ఆ చూపు?" అంది పెద్దామె. "మోటారు కట్టెయ్, నీళ్ళు పోతున్నాయి!"